ఈరక్క బెల్లం

అనగా అనగా, మీ తాతకు తాత ఉగ్గు తాగే కాలాన, కొండల కింద ఇసుకపల్లె అని ఒక ఊరుండేది. ఊరి పక్కన ఒక వాగుండేది. దాని పేరు దొంగవాగు. ఆ పేరెందుకొచ్చిందంటే, అది చెప్పి వచ్చే రకం కాదు. పల్లెలో ఎండ కాస్తూనే ఉంటుంది. నెత్తిన ఒక్క చినుకు పడదు. ఎక్కడో పై కొండల్లో వాన దంచి కొడుతుంది. ఆ నీళ్ళన్నీ ఒక్కటై, చెట్టూ పుట్టా పెరుక్కొని, ఉన్నట్టుండి వచ్చి పడతాయి. వచ్చినంత తొందరగానే పోతాయి. పోతూ పోతూ చేతికందినదాన్ని పట్టుకుపోతాయి.

అలాంటి వాగులోకి దిగి కాపురం పెట్టేవాళ్ళు కూడా ఉంటారా అంటారేమో. ఎందుకుండరు? ఆకలి ఏ పనైనా చేయిస్తుంది. ఎండాకాలం వాగు ఎండిపోగానే ఇసుకపల్లె కాపులు పిల్లాజెల్లతో ఇసుకలోకి దిగేవాళ్ళు. మూరెడు లోతు తోడితే తేమ తగిలేది. ఆ తేమలో గుంతలు తీసి పుచ్చ గింజలు పెట్టేవాళ్ళు. తాటాకు గుడిసెలు వేసుకొని, కాయలు కోసేదాకా అక్కడే వండుకొని, అక్కడే పడుకొనేవాళ్ళు. గట్టు మీది మెట్ట చేలు ఒక ఏడు పండితే రెండేళ్ళు ఎండేవి. ఇసుకలో పుచ్చతోట ఒక్కటే మాట తప్పేది కాదు. ఆ కాయలు పోతేనే ఇంట్లోకి జొన్నలు వచ్చేవి.

మరి వాగొస్తే ఎట్లా? అందుకే ఈరక్క ఉండేది.

ఈరక్క మేకలు కాచుకునే మనిషి. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. కొండవాలులో చూపుబండ అని ఒక పెద్ద బండ ఉంది. దాని మీద నిలబడితే పై కొండలన్నీ కనబడతాయి. ఇసుకలో ఉన్నవాళ్ళకు కనబడవు. ఎటూ మేకలతో అక్కడే తిరుగుతుంది గదా అని కాపులంతా కలిసి ఆమె చేతికి ఒక దున్నకొమ్ము ఇచ్చారు. పై కొండల్లో పెద్దవాన దిగితే కొమ్ము ఊదాలి. ఊదితే అందరూ గట్టు మీదికి పరిగెత్తాలి. అందుకు ప్రతి తోటలోనూ తొలికాయ ఈరక్కది. కోతలయ్యాక తీగలన్నీ ఆమె మేకలవి.

పైన వాన దిగినప్పటినుంచి కింద వాగు వచ్చేదాకా ఎంత సేపుండేదో తెలుసా? ఎసరు పెట్టి, సంగటి కెలికి, దించేంత సేపు. అంతే.

ఇందులో ఒక చిక్కుంది. మబ్బు వచ్చి కొండ నెత్తిన కూర్చుంటుంది. కింద నల్లటి తెర దిగుతుంది. ఆ వాన కొండకు ఇవతల పడితే మన వాగుకు, అవతల పడితే అవతలోళ్ళ వాగుకు. చూపుబండ మీంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. పైకెక్కి చూసొద్దామంటే అంతలోకే సంగటి ఉడికిపోతుంది. అంచేత ఈరక్క కళ్ళు చికిలించుకొని చూసి, గుండె చిక్కబట్టుకొని, ఏదో ఒకటి తేల్చుకోవాలి. కాపులు ఈ సంగతి ఏనాడూ ఆలోచించిన పాపాన పోలేదు. కొమ్మిచ్చాం, కాయిస్తున్నాం, సరిగ్గా ఊదాలి. వాళ్ళకు తెలిసింది అంతే.

ఒక ఏడు ఎండలు మండిపోయాయి. ఉరుములు ముందే మొదలయ్యాయి. తోటలు పూతమీద ఉండగా ఒక మధ్యాహ్నం కొండ నెత్తిన మబ్బు కూర్చుంది. ఇవతల పడితే మనకు, అవతల పడితే అవతలోళ్ళకు. ఈరక్క చూసింది. కొమ్మెత్తి ఊదింది. బూఁ... బూఁ... బూఁ!

అందరూ పరిగెత్తారు. చంటిపిల్లల్ని చంకనేసుకొని, ముసలివాళ్ళను వీపున వేసుకొని గట్టెక్కారు. ఎక్కి చూశారు. వాగు రాలేదు. ఎండుటిసుక మీద ఎండ తళతళా మెరుస్తోంది. పొయ్యిమీద పెట్టొచ్చిన కుండల్ని కుక్కలు నాకేశాయి.

అందరూ నవ్వారు. "ఈరక్కా, మీ మేకపోతు దగ్గితే ఉరుమనుకున్నావా యేందమ్మే?" అన్నారు. ఈరక్క కూడా నవ్వింది. నవ్వింది గానీ మనసులో చిన్న ముల్లు గుచ్చుకుంది.

పిందెలు దిగాక రెండోసారి మబ్బు పట్టింది. ఆరోజు వెంగళప్ప కూతురికి వక్కాకు, అంటే పెళ్ళిమాట ఖాయం చేసుకునే రోజు. వెంగళప్ప తోటలవాళ్ళందరికీ పెద్ద. ఆయన దగ్గితే పదిమంది లేచి నిలబడేవాళ్ళు. వియ్యాలవారు వేరే ఊరినుంచి కొత్త పంచెలు కట్టుకొని వచ్చారు. ఇసుకలో పందిరి వేశారు. విస్తళ్ళలో బూరెలు వడ్డించారు. మొదటి బూరె నోటికందేలోపు కొమ్ము మోగింది. బూఁ... బూఁ... బూఁ!

వియ్యాలవారు పంచెలు పైకెగగట్టి పరుగో పరుగు. పెళ్ళికొడుకు మేనత్త ముళ్ళకంపలో పడి చీర చింపుకుంది. గట్టు మీద నిలబడి అందరూ చూశారు. వాగు రాలేదు. కాకులు మాత్రం వచ్చాయి. విస్తళ్ళన్నీ ఖాళీ చేసి వెళ్ళాయి.

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెంగళప్ప మొహం కందగడ్డ అయింది. "నలుగుర్లో నా పరువు తీసినావు గదమ్మే" అన్నాడు. ఈరక్క తల దించుకుంది. "తప్పయిందన్నా" అంది.

కాయలు కోతకొచ్చాక మూడోసారి మబ్బు పట్టింది. అంత నల్లటి మబ్బు ఈరక్క పుట్టి బుద్ధెరిగి చూడలేదు. కొమ్మెత్తి ఊదింది. బూఁ... బూఁ... బూఁ! జనం గొణుక్కుంటూ, తిట్టుకుంటూ, అయినా ఎక్కారు. పొద్దు గూకేదాకా గట్టు మీద కూర్చున్నారు. వాన అవతలే పడింది. మనుషులు లేని తోటల్లోకి అడవిపందులు దిగాయి. దిగి, పండిన కాయను పండినట్టు కొరికి, తొక్కి, దొర్లి పోయాయి.

మర్నాడు వెంగళప్ప ఈరక్కను పిలిపించాడు. కొట్టలేదు, తిట్టలేదు. దానికంటే పెద్ద పనే చేశాడు.

"రామ్మా. ఒక్కొక్క తోటే సూద్దువు గానీ" అన్నాడు.

ప్రతి తోట దగ్గరా ఇంటివాళ్ళు నిలబడి, పందులు కొరికిన కాయను ఎత్తి చూపించారు. ప్రతి తోట దగ్గరా ఈరక్క "తప్పయింది" అంది. ఇంకో తోట. ఇంకో కాయ. "తప్పయింది." నెత్తిన ఎండ మాడుస్తోంది. కాళ్ళ కింద ఇసుక కాలుతోంది. ఆ మంటలేవీ ఆమెకు తెలియలేదు. సిగ్గు ఒక్కటే తెలిసింది. భూమి నోరు తెరిస్తే బాగుండుననుకుంది. అది తెరవలేదు.

ఆఖరున వెంగళప్ప తోట. అక్కడ వాళ్ళమ్మ గురవమ్మ కూర్చుని ఉంది. నడుం వంగిపోయిన ముసలామె. ఆమె ముందు కూడా ఒక కొరికిన కాయ ఉంది. గురవమ్మ ఆ కాయను తిప్పి, పందులు కొరికినవైపు ఇసుకలోకి బోర్లించింది. "పో తల్లీ, పొయి ఆ నీడన కూచో. ఎండలో ఎంతసేపు తిప్పుతారు నిన్ను" అంది.

ఈరక్కకు అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఆ రోజునుంచి పిల్లకాయలకు కొత్త ఆట దొరికింది. ఈరక్క కనబడితే చాలు, దోసిలి నోటికి అడ్డం పెట్టి "బూఁ... బూఁ... బూఁ" అనేవాళ్ళు. తల్లులు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వేవాళ్ళు. ఈరక్క ఊరి దారి మానేసింది. ముళ్ళున్నా సరే, చుట్టూ తిరిగి కొండెక్కేది. మేకలతో కూడా మాట్లాడటం తగ్గించేసింది.

పందులు వదిలేసిన తీగలు మళ్ళీ కాపు పట్టాయి. అప్పుడు నాలుగోసారి మబ్బు వచ్చింది.

కొండ నెత్తిన కూర్చుంది. తెర దించింది. ఇవతల పడితే మనకు, అవతల పడితే అవతలోళ్ళకు. ఈరక్క కొమ్ము పెదాలదాకా తెచ్చింది. చెవుల్లో పిల్లల కూతలు మోగాయి. కొమ్ము దించేసింది. "అవతలిదేలే" అనుకుంది.

ఉరుము ఒకటి కొండ పొడుగునా దొర్లింది. మేకలు ఒకచోట ముడుచుకున్నాయి. మళ్ళీ కొమ్మెత్తింది. కొరికిన కాయలు పట్టుకున్న చేతులన్నీ కళ్ళముందు కదిలాయి. మళ్ళీ దించేసింది. "ఇంకొంచెం సూద్దాం. ఈసారి తప్పయితే నేను బతకలేను" అనుకుంది.

అంతలో ఇవతలి లోయలోంచి చల్లగాలి ముఖాన కొట్టింది. ఆ గాలిలో తడిమట్టి వాసన ఉంది. "అయ్యో, మనదే!" అని కేక పెట్టి, ఊపిరంతా పెట్టి ఊదింది. బూఁ... బూఁ... బూఁ! ఊదుతూనే బండ దిగి పరిగెత్తింది. కానీ అప్పటికే సగం సంగటి ఉడికిపోయింది.

కింద ఇసుకలో కొమ్ము వినబడింది. పరిగెత్తినవాళ్ళు పరిగెత్తారు. కొంతమంది ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు లేచినవాణ్ణి చూసి నవ్వుతారేమోనని ఎవరికివాళ్ళు కూర్చున్నారు. అప్పుడు మలుపు దగ్గర బండలు దొర్లే చప్పుడు వినబడింది. ఇక మొహాలు చూసుకునే పని లేకపోయింది.

ఎర్రటి నీళ్ళు, నురగ, మొదళ్ళతో సహా చెట్లు. నెత్తిన ఎండ కాస్తూనే ఉంది. దొంగవాగు వచ్చింది, తోటల్ని తీసుకుంది, గుడిసెల్ని తీసుకుంది. గట్టు మీద తడిసినవాళ్ళు తడవనివాళ్ళను తడిమి చూసుకున్నారు. అందరూ ఉన్నారనుకున్నారు. అప్పుడు వెంగళప్ప నడుముదాకా నీళ్ళలో నిలబడి "అమ్మా! అమ్మా!" అని అరుస్తూ కనబడ్డాడు. నలుగురు పట్టి బయటికి లాగారు.

మర్నాటి పొద్దున గురవమ్మ దిగువన ముళ్ళకంపల్లో దొరికింది.

మట్టి చేసి వచ్చాక జనం ఈరక్క చుట్టూ చేరారు. ఆమె చేతులు పట్టుకున్నారు. "నువ్వే లేకుంటే ఊరంతా పొయ్యేవాళ్ళం, తల్లీ" అన్నారు. ఆ పొగడ్త ఒక్కొక్కటీ ఈరక్కకు వాతపెట్టినట్టుంది. ఆమె నేలచూపులు చూస్తూ నిలబడింది.

వెంగళప్ప దగ్గరికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఈరక్కా, నువ్వు మబ్బును సూళ్ళేదా?" అన్నాడు.

"సూసినా."

"ఎప్పుడు సూసినావు?"

"కొమ్ము ఊదకముందే. చానా ముందే."

"మరి?"

"సిగ్గేసిందన్నా."

పట్టుకున్న చేతుల్ని ఒక్కొక్కరే వదిలేశారు. కోపంతో కాదు. ఆ సిగ్గు ఆమెకు ఎవరు పెట్టిందో అందరికీ తెలుసు. ఎవరికీ ఎవరి కళ్ళలోకీ చూసే ధైర్యం లేకపోయింది. తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కొని, తలలు వంచుకొని ఇళ్ళకు పోయారు.

ఈరక్క కొమ్మును గుడిసె వాసానికి కట్టేసింది. మేకల్ని చూపుబండ వైపు తోలడం మానేసింది. "నా సిగ్గు పెద్దదయింది, ముసలామె పానం చిన్నదయింది" అని తనలో తాను అనుకొనేది. పొద్దున లేచినా అదే, పొద్దు గూకినా అదే.

ఏడాది తిరిగింది. వాగు మళ్ళీ ఎండింది. తోటలు పెట్టకపోతే గాదెలు ఖాళీ. పెడితే చూపుబండ మీద ఎవరుండాలి? ముగ్గురు మొనగాళ్ళు ముందుకొచ్చారు. మీసాలు దువ్వుకున్నారు. "ఆడమనిషి చేసిన పని మేం చెయ్యలేమా" అన్నారు. ఇంకో కొమ్ము తెచ్చుకొని బండెక్కి కూర్చున్నారు. మబ్బు వచ్చింది.

"ఊదురా" అన్నాడు మొదటివాడు.

"నువ్వే ఊదు. నీకు కళ్ళు బాగుంటాయి" అన్నాడు రెండోవాడు.

"తప్పయితే తోటతోటకూ తిప్పుతారప్పా. నేనూదను" అన్నాడు మూడోవాడు.

వాళ్ళు అట్లా వాదులాడుకుంటుండగానే మబ్బు కురిసింది, వెలిసింది. వాళ్ళ అదృష్టం, అవతల కురిసింది. కింద ఇసుకలో పిల్లలు ఆడుకుంటూనే ఉన్నారు. ముగ్గురూ మీసాలు దించుకొని దిగొచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పారు. అప్పుడు అర్థమయింది ఊరికి. ఆ బండ మీద ఎవర్ని కూర్చోబెట్టినా, మబ్బుకంటే ముందు కిందనున్నవాళ్ళకే భయపడతాడని.

అంతా కలిసి ఈరక్క దగ్గరికి పోయారు. మొదట ఆడవాళ్ళు పోయారు. కొత్త చీర తీసుకుపోయారు. ఈరక్క తలుపు తియ్యలేదు. "కట్టుకొని యాడ తిరగాల తల్లీ, తీసకపోండి" అని లోపలినుంచే అంది.

రెండోసారి పెద్దవాళ్ళు పోయారు. ఆ ఏటి తొలికాయ తీసుకుపోయారు. ఈరక్క తలుపు తీసింది గానీ కాయ ముట్టలేదు. "నాకు తినే మొహం లేదు, సామీ" అంది.

మూడోసారి వెంగళప్ప ఒక్కడే పోయాడు. చేతిలో ఏమీ తీసుకుపోలేదు. గుడిసె ముందు నేలమీదే కూర్చున్నాడు. చాలాసేపు ఇసుకలో వేలితో గీతలు గీశాడు. ఈరక్క గడపలో నిలబడి ఉంది. ఇప్పుడు మళ్ళీ గురవమ్మ సంగతి అడుగుతాడని ఆమె భయం.

"ఈరక్కా" అన్నాడు వెంగళప్ప తలెత్తకుండానే. "ఆ పొద్దు నువ్వు కొమ్మూదితే మా యమ్మ లేచింది."

ఈరక్క తలుపుచెక్క పట్టుకుంది.

"కట్టె తీసుకునింది. గుడిసెలోంచి బయటికొచ్చింది. అప్పుడింకా వాగు రాలేదు. ఎక్కేదే, మెల్లగానైనా ఎక్కేదే. నేనే... నేనే అన్నా, 'కూచోమా, ఈరక్క కూతలు మనకు కొత్తా' అని. నా మాట కాదనలేక కూచునింది. యాడాదిగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు. పాపమంతా నీదేనని నువ్వు కుమిలిపోతాంటే ఊరకుండిపోయినా. నీ మొకం సూసేదానికి సిగ్గయి ఈ పక్కకే రాలేదు."

ఈరక్క గడపలోనే కూలబడింది. ఏడాదిపాటు ఒక్కతే మోసిన బరువు. అందులో సగం ఇంకొకరిదని ఇప్పుడు తెలిసింది. అది విని ఆమెకు సంతోషం కలగలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి మీద జాలి కలిగింది. ఇద్దరూ ఒకే ముసలామె కోసం చెరోవైపు కూర్చొని ఏడ్చారు.

చివరికి ఈరక్కే అడిగింది. "నేను మళ్ళా ఊదితే, మళ్ళా తప్పయితేనో?"

"కానియ్. తప్పయినా ఊదు. మేం పరిగెత్తుతాం."

"పందులు పడతాయన్నా."

"పందులు తొక్కినా తీగలు మళ్ళా కాస్తాయి, ఈరక్కా."

ఈరక్క లేచి, వాసానికి కట్టిన కొమ్మును విప్పింది.

కొన్నాళ్ళకు మబ్బు పట్టింది. కొండ నెత్తిన కూర్చుంది, తెర దించింది. ఈరక్క ఎంతో సేపు చూడలేదు. భయపడుతూనే కొమ్మెత్తి ఊదింది. ఇసుకలో మనుషులన్నవాళ్ళంతా లేచారు. ఎవరూ ఎవరి మొహం చూడలేదు. ముసలివాళ్ళను ముందు ఎక్కించారు. వెంగళప్ప అందరికంటే చివర ఎక్కాడు.

వాగు రాలేదు.

ఎండుటిసుక మీద ఎండ తళతళలాడింది. తోటల్లో పందులు దిగిన చప్పుడు గట్టు మీదికి వినబడుతూనే ఉంది. ఈరక్క బండ దిగి వస్తోంది. కొంగు తలమీదికి లాక్కుంది. ఎవరో ఒక కొరికిన కాయ ఎత్తి చూపిస్తారని, "తప్పయింది" అనే మాట నోట్లో సిద్ధం చేసి పెట్టుకుంది.

వెంగళప్ప ఎదురొచ్చాడు. పెళ్ళాం కొంగున ఉన్న బెల్లంముక్క అడిగి తీసుకున్నాడు. రాతి మీద పెట్టి పగలగొట్టాడు. మొదటి పలుకు ఈరక్క చేతిలో పెట్టాడు.

"వాగు రాలేదు గదా. అందరం ఉండాం. నోరు తీపి చేసుకో తల్లీ" అన్నాడు.

ఈరక్క ఆ పలుకు నోట్లో వేసుకుంది. కళ్ళనీళ్ళు కారుతూనే ఉన్నాయి. బెల్లం ఉప్పగా కూడా ఉండి ఉంటుంది.

ఆ తర్వాత ఈరక్క చాలా ఏళ్ళు బతికింది. ఎన్నిసార్లు ఊదిందో, అందులో ఎన్నిసార్లు వాగొచ్చిందో ఎవరూ లెక్క పెట్టలేదు. ఆమె ఉన్నన్నాళ్ళు వాగు మళ్ళీ ఒక్క మనిషినీ తీసుకుపోలేదు. ముసలిదయి, మేకల మధ్యనే కన్ను మూసింది. ఊరంతా తలో చెయ్యీ వేసి చూపుబండ పక్కనే మట్టి చేశారు.

ఇప్పటికీ ఇసుకపల్లెలో అంతే. ఎండాకాలం బండ మీద ఇంటికొకరు వంతు వేసుకొని కూర్చుంటారు. మబ్బును చూసి ఊదుతారు. వాగొస్తే సరేసరి. రాకపోతే ఆ రోజు ఊరికి పండగ. ఊదినవాళ్ళు బిక్కమొహం వేసుకొని బండ దిగుతుంటే, పెద్దవాళ్ళు ఎదురెళ్ళి, "తలెత్తు. ఈరక్క బెల్లం తిను" అని చేతిలో బెల్లం పెడతారు. తర్వాత ఊరంతా పంచుకుంటారు.

అయితే అందరికంటే ముందు ఒక పలుకు వాగులోకి విసరాలి. అది గురవమ్మది. దాన్ని విసరాల్సింది ఊదినవాళ్ళు కాదు. గట్టెక్కి ఎండుటిసుక చూడగానే ఎవరికి లోపల నవ్వొచ్చిందో, వాళ్ళు. ఎవరికి వచ్చిందో ఎవరూ అడగరు, ఎవరూ వేలెత్తి చూపరు. బెల్లం రాతి మీద పెట్టి ఊరంతా ఊరకే నిలబడుతుంది. కాసేపటికి ఎవరో ఒకరు తల వంచుకొని ముందుకొస్తారు.